అచ్చు గుద్దినా ఒక్కటే: జెలటిన్ మోనోటైప్‌లో ముందు వెనకల లెక్క

ఇద్దరు ఒకేలా కనిపిస్తే ‘అచ్చు గుద్దినట్టు ఉన్నారు’ అంటాం. అచ్చు అనగానే అలాంటిదే ఇంకొకటి ఎక్కడో ఉందని మనసు అనుకుంటుంది. అందుకే నేను తీసిన జెలటిన్ మోనోటైప్ (మెత్తటి జెల్లీ పలక మీద రంగు పూసి, దాన్ని కాగితం మీదికి దింపే అచ్చు) ఎవరికైనా చూపించి, ‘ఇది అచ్చే, కానీ దీనికి జత లేదు, నేను కావాలనుకున్నా రాదు’ అని చెప్పగానే రెండు ప్రశ్నలు వస్తాయి. ఒక్కటే వచ్చేదాన్ని అచ్చు అని ఎందుకు అనాలి? ఒక్కటే కావాలంటే తిన్నగా కాగితం మీదే బొమ్మ వేసుకోవచ్చు కదా, మధ్యలో ఈ జెల్లీ ఎందుకు?

రెండూ న్యాయమైన ప్రశ్నలే. చాలాకాలం నేను వాటికి ‘చేసి చూస్తే తెలుస్తుంది’ అని మాత్రమే జవాబు చెప్పేదాన్ని. అడిగినవాళ్ళకి దానివల్ల ఒరిగిందేమీ లేదు. కొన్ని వందల కాగితాలు చెత్తబుట్టలోకి వెళ్ళాక నాకు ఒక సంగతి తేటపడింది. ఈ పనిలో చేసేవాళ్ళనూ, చూసేవాళ్ళనూ తికమక పెట్టేది పొరల క్రమం. ఏది ముందు పడింది, ఏది తర్వాత పడింది, ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అనే లెక్క. ఆ లెక్క తెలిస్తే జెలటిన్ ప్రింటు తీయడమూ, దాన్ని ఇంకొకరికి వివరించడమూ ఒకే పని అయిపోతాయి. ఈ వ్యాసంలో ఆ ముడి విప్పడానికి ప్రయత్నిస్తాను.

ప్లేటులో ఏమీ లేని అచ్చు

చెక్క అచ్చులో బొమ్మ చెక్కలోనే ఉంటుంది. ఎచింగ్‌లో లోహపు రేకులో గీత తొలిచి ఉంటుంది. ఇంకు తుడిచి ప్లేటును బీరువాలో పెట్టేసినా బొమ్మ ఎక్కడికీ పోదు. ఏడాది తర్వాత తీసి మళ్ళీ ఇంకు పూస్తే ఇంకో ప్రతి వస్తుంది. మోనోటైప్‌లో ప్లేటు నున్నగా, ఖాళీగా ఉంటుంది. దాని మీద రంగు పూసి, ఆ తడి రంగులోనే బొమ్మ వేసి, కాగితం పరిచి, ఒత్తి, లాగుతాం. బొమ్మ ఉన్నదంతా రంగులోనే. రంగు కాగితానికి అంటుకుని వెళ్ళిపోయిందంటే బొమ్మ కూడా వెళ్ళిపోయినట్టే. ప్లేటు మళ్ళీ ఖాళీ.

అయినా దీన్ని అచ్చు అనడానికి కారణం ఉంది. బొమ్మ ఒకచోట తయారై, ఒత్తిడితో ఇంకోచోటికి చేరుతోంది. ఆ ప్రయాణంలో అది మారుతుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. రంగు కాగితంలోకి సమంగా నొక్కుకుపోయి, కుంచెతో ఎంత తంటాలు పడ్డా రాని ఒక చదునైన, మెత్తటి తీరు వస్తుంది. ‘తిన్నగా కాగితం మీదే వేయొచ్చుగా’ అన్న ప్రశ్నకి మొదటి జవాబు ఇదే. తిన్నగా వేస్తే ఇది రాదు.

ఇక్కడే మోనోటైప్‌కీ మోనోప్రింట్‌కీ తేడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రెండు మాటల్నీ చాలామంది కలిపేస్తారు. ప్లేటులో చెరిగిపోని గీతో, గాటో ఉండి, ప్రతిసారీ రంగులు మాత్రం మార్చి తీస్తే అది మోనోప్రింట్. ప్లేటులో ఏదీ స్థిరంగా లేకపోతే మోనోటైప్. జెలటిన్ ప్లేటు మీద ఒకే స్టెన్సిల్‌ని (ఆకారం కత్తిరించిన అట్టని) పదిసార్లు వాడి పది రంగుల్లో తీస్తే దాన్ని ఏమనాలి? పదింటిలోనూ ఒకే ఆకారం తిరిగి వస్తోంది కాబట్టి నేను మోనోప్రింట్ వైపే మొగ్గుతాను. కాదనేవాళ్ళూ ఉన్నారు. స్టెన్సిల్ ప్లేటులో భాగం కాదని వాళ్ళ వాదన.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1640ల్లో ఇటలీలోని జెనోవాకు చెందిన చిత్రకారుడు జొవాన్ని బెనెడెట్టో కాస్టిలియోనె రాగి రేకంతా నల్ల ఇంకు పూసి, దాన్ని తుడుస్తూ, గీరుతూ చీకట్లోంచి వెలుగు బయటికి తీశాడు. మోనోటైప్‌కి ఆద్యుడిగా ఆయన పేరే చెబుతారు. 1870ల్లో ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్గార్ డెగా దీన్ని తన మిత్రుడు లుడోవిక్ లెపిక్ దగ్గర అందుకున్నాడు. తొలినాటి ‘బాలే మాస్టర్’ ప్రింటు మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. తర్వాత డెగా 300కు పైగా మోనోటైప్‌లు తీశాడు. నాకు డెగాలో అన్నిటికంటే నచ్చేది ఆయన రెండో ప్రింటును చూసిన తీరు. మొదటి కాగితం లాగేశాక ప్లేటు మీద ఇంకా పల్చగా రంగు మిగులుతుంది. ఆయన దాని మీద ఇంకో కాగితం ఒత్తి, వచ్చిన ఆ వెలిసిన బొమ్మ మీద పాస్టెల్‌తో, అంటే రంగు సుద్దతో, కొత్త చిత్రం కట్టేవాడు. ఇలా మిగులు రంగుతో తీసే ప్రింటును ఇప్పుడు గోస్ట్ ప్రింట్ అంటున్నారు. జెలటిన్ పనిలో దానికి ఇంకా పెద్ద పాత్ర ఉంది. ఆకు దగ్గరికి వచ్చాక చెబుతాను.

జెల్లీ ఏం చేస్తుంది

రాగి రేకు గట్టిది. దాని మీది ఇంకు కాగితంలోకి దిగాలంటే కాగితాన్ని తడిపి, ప్రెస్ కింద బలంగా నొక్కాలి. జెలటిన్ ప్లేటు మెత్తనిది. అరచేత్తో కాగితాన్ని నిమిరితే చాలు, ప్లేటే లేచి కాగితానికి తగులుతుంది. కాగితంలో ఉన్న చిన్న ఎత్తుపల్లాలకి కూడా తనను తాను సర్దుకుంటుంది. అందుకే దీనికి ప్రెస్ అక్కర్లేదు. పెట్టినా ప్రెస్ బరువుకి ప్లేటు చితికిపోతుంది.

ఈ మెత్తదనం ఎక్కడిది? జంతువుల చర్మంలో, ఎముకల్లో ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్‌ని వేడి నీటిలో విడదీస్తే వచ్చేదే జెలటిన్. కొలాజెన్‌లో మూడు పోగులు తాడులా పెనవేసుకుని ఉంటాయి. వేడికి ఆ పేట విడిపోతుంది. చల్లారేటప్పుడు పోగులు మళ్ళీ పెనవేసుకోవాలని చూస్తాయి కానీ పూర్తిగా కుదరదు. అక్కడక్కడ మాత్రం ముడిపడి, మధ్యలో నీటిని బంధించి ఒక వల అల్లుకుంటాయి. మనం ప్లేటు అంటున్నది ఆ వలనే. బరువులో తొంభై పాళ్ళకి పైగా నీళ్ళే ఉన్నా అది నిలబడుతుంది, నొక్కితే లొంగుతుంది, వదిలితే తిరిగి లేస్తుంది. 30 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ ముడులు విడిపోయి మళ్ళీ ద్రవమైపోతుంది. వేసవి మధ్యాహ్నం కిటికీ పక్కన పెట్టుకుని పని చేస్తూ, ఒక మంచి ప్లేటు మూలలు కరిగి బల్ల మీదికి కారిపోవడం చూశాక నాకు ఈ అంకె బాగా గుర్తుండిపోయింది.

జెలటిన్ బలాన్ని కొలిచే ‘బ్లూమ్’ అనే కొలత 1925లో ఆస్కార్ బ్లూమ్ పేటెంట్ తీసుకున్న పరికరం నుంచి వచ్చింది. 6.67 శాతం చిక్కదనంతో చేసిన జెల్‌ని 10 డిగ్రీల దగ్గర గట్టిపరిచి, 12.7 మిల్లీమీటర్ల వెడల్పున్న కడ్డీతో దాని పైభాగాన్ని 4 మిల్లీమీటర్లు కుంగదీయడానికి ఎన్ని గ్రాముల బరువు కావాలో చూస్తారు. మామూలుగా దొరికే పొడులు 50 నుంచి 300 బ్లూమ్ మధ్య ఉంటాయి. ప్లేటు కోసం ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఒకే కొలతతో చేసినా ఒకరి ప్లేటు గట్టిగా, ఇంకొకరిది వణుకుతూ రావడానికి చాలాసార్లు కారణం ఇదే.

శాకాహారులు ‘అగర్‌తో (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ పొడితో) చేయొచ్చా’ అని అడుగుతుంటారు. అగర్ దాదాపు 85 డిగ్రీల వరకు కరగదు, ఎండ భయం లేదు. కానీ అది పెళుసు. వంచితే విరుగుతుంది, నొక్కుతుంటే నీరు వదులుతుంది. జెలటిన్‌లోని ఆ సాగే గుణం అందులో లేదు. జంతు పదార్థం వద్దనుకునేవాళ్ళకి కృత్రిమ ప్లేటే మేలు. ఈ మధ్య పదిహేనేళ్ళలో బాగా వ్యాపించిన ‘జెల్లీ ప్లేట్’ లాంటివాటిలో అసలు జెలటినే ఉండదు. మినరల్ ఆయిల్‌ని రబ్బరులాంటి పాలిమర్‌తో కలిపి చేస్తారు. కరగవు, బూజు పట్టవు, ఏళ్ళ తరబడి ఉంటాయి. వాటి మీద తీసినదాన్ని జెల్ ప్రింట్ అనడం సరైన మాట. రెండింటినీ జెలటిన్ ప్రింట్ అంటే తప్పు పట్టి గొడవపడను కానీ, తేడా మాత్రం తెలిసి ఉండాలి. ఎందుకంటే రంగు ఈ రెంటి మీద ఒకేలా నడవదు. నీటి జెలటిన్ పైభాగం ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, అక్రిలిక్ రంగుని త్వరగా ఆరనివ్వదు. నూనె ప్లేటు మీద అదే రంగు నిమిషాల్లో ఆరి పొరగా నిలిచిపోతుంది. ఆరిన ఆ పొరతో ఏం చేయొచ్చో తర్వాత చెబుతాను.

జెలటిన్ మీద అచ్చు తీయడం ఒకప్పుడు ఆఫీసు పని. 19వ శతాబ్దం చివరి నుంచి హెక్టోగ్రాఫ్ అనే సాధనం ఉండేది. జెలటిన్, గ్లిజరిన్ కలిపి పోసిన పళ్ళెం అది. అనిలిన్ రంగు సిరాతో రాసిన కాగితాన్ని దాని మీద బోర్లిస్తే సిరా జెల్‌లోకి దిగేది. ఆపైన ఖాళీ కాగితాలు ఒక్కొక్కటే పరిచి లాగితే ఒక్కో దానికీ కొంచెం కొంచెం సిరా అంటేది. గ్రీకులో హెకటాన్ అంటే వంద. వంద ప్రతులు అన్న ఆశ పేరులోనే ఉంది, చదవదగ్గవి సాధారణంగా అన్ని వచ్చేవి కావు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని హేస్టాక్ మౌంటెన్ స్కూల్ ఆఫ్ క్రాఫ్ట్స్ తొలి డైరెక్టర్ ఫ్రాన్ మెరిట్ ఈ పళ్ళేన్ని చూసి జెలటిన్ మీద మోనోటైప్ ఆలోచన చేశాడని ఈ కళలో ఉన్నవాళ్ళు చెప్పుకుంటారు. నకళ్ళు తీయడానికి పుట్టిన పళ్ళెం నకలే లేని బొమ్మకి ప్లేటు అయింది.

ప్లేటు పోయడం

ఇది త్వరగా చెప్పేస్తాను. లీటరు నీటికి 60 నుంచి 80 గ్రాముల జెలటిన్ పొడి. తినే జెల్లీకి వేసేదానికంటే ఇది చాలా చిక్కన. ముందు కొంచెం చల్లటి నీటి మీద పొడి చల్లి పది నిమిషాలు నాననివ్వాలి. తర్వాత మిగతా నీరు వేడిగా పోసి నెమ్మదిగా కలపాలి. మరిగించకూడదు, మరిగితే పట్టు తగ్గుతుంది. గిలక్కొట్టకూడదు, బుడగలు వస్తాయి. అంచులున్న చదును పళ్ళెంలో రెండు, రెండున్నర సెంటీమీటర్ల మందాన పోసి, పైన తేలిన బుడగల్ని ఒక కాగితపు ముక్కతో అంచుకి లాగేయాలి. బుడగ మిగిలితే ప్రతి ప్రింటులోనూ అక్కడ తెల్లటి చుక్క పడుతుంది. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే చాలు. ఒకటి రెండు వారాలు పని చేస్తుంది. గీతలు పడినా పగిలినా కరిగించి మళ్ళీ పోసుకోవచ్చు. నీటిలో సగం తీసేసి ఆ స్థానంలో గ్లిజరిన్ పోసి, జెలటిన్ పాలు ఇంకొంచెం పెంచితే నెలల తరబడి బయటే ఉంచుకునే ప్లేటు అవుతుంది. గ్లిజరిన్ తేమని పట్టి ఉంచుతుంది, బూజుని దగ్గరికి రానివ్వదు.

రంగు పూసేటప్పుడు ఒక్క మాట. రోలర్ చప్పుడు వినండి. రంగు సరైన మందంలో ఉంటే సన్నగా బుసకొట్టినట్టు ఉంటుంది. ఎక్కువైతే చపచపమని జిగటగా వినిపిస్తుంది. కొత్తగా చేసేవాళ్ళ ప్రింట్లు బురదబురదగా రావడానికి పదింట తొమ్మిదిసార్లు కారణం రంగు ఎక్కువ కావడమే.

ఏది పైన, ఏది కింద

ఇప్పుడు అసలు ముడి.

కాగితం మీద బొమ్మ వేసేటప్పుడు ముందు ఆకాశం వేస్తాం, దాని మీద చెట్టు, చెట్టు మీద పిట్ట. చివర వేసింది పైన ఉంటుంది. ఇది ఎంత అలవాటైపోయిందంటే దాన్ని ఒక నియమంగా కూడా గుర్తించం. ప్లేటు మీద అది తిరగబడుతుంది. ప్లేటు మీద ముందు పిట్ట గీసి, అది ఆరాక దాని మీద ఆకాశపు నీలం పూసి, కాగితం పరిచి లాగామనుకోండి. కాగితానికి ముందు తగిలేది నీలం. పిట్ట ఆ నీలానికి అవతల, ప్లేటు వైపు ఉంది. కాగితం లేచి వెనక్కి తిరిగేసరికి పిట్ట అన్నిటికంటే పైన కూర్చుంటుంది. అద్దం వెనక వైపు నుంచి బొమ్మలు వేసేవాళ్ళకి ఇది బాగా తెలుసు. వాళ్ళు ముందు కంటిపాపలో మెరుపు పెడతారు, తర్వాత కన్ను, ఆ తర్వాత ముఖం, అన్నిటికంటే చివర వెనకున్న గోడ.

ఇంతవరకు తేలికే. చిక్కు ఎక్కడొస్తుందంటే, జెలటిన్ పనిలో ఒకే కాగితాన్ని చాలాసార్లు ప్లేటు మీదికి తెస్తాం. మొదటిసారి లాగినప్పుడు పసుపు పడింది. ఆరనిచ్చాం. ప్లేటు మీద కొత్త రంగులు వేసి అదే కాగితాన్ని మళ్ళీ ఒత్తాం. రెండోసారి పడిందంతా పసుపు మీదే పడుతుంది. అంటే లాగుడుకీ లాగుడుకీ మధ్య క్రమం మామూలుగానే ఉంది, తర్వాతిది పైన. కానీ ఒక్కో లాగుడు లోపల మాత్రం క్రమం తలకిందులు, ప్లేటు మీద ముందు వేసింది పైన. ఈ రెండు లెక్కలూ ఒకే ప్రింటులో కలిసి నడుస్తాయి. కొత్తవాళ్ళు మూడో లాగుడు దగ్గరికి వచ్చేసరికి ‘నేను పైన వేసింది కిందకి ఎలా పోయింది’ అని టెన్షన్ పడేది ఇందుకే. నేనూ పడ్డాను. ఇప్పటికీ నాలుగు లాగుడులు దాటే ప్రింటయితే ముందు చిన్న కాగితం మీద క్రమం రాసుకునే మొదలుపెడతాను.

దీనికి తోడు రంగు గుణం ఒకటి ఉంది. పారదర్శకమైన రంగు పైన పడినా కిందిదాన్ని మూసేయదు, దానితో కలిసిపోతుంది. పసుపు మీద పారదర్శక నీలం లాగితే ఆకుపచ్చ కనిపిస్తుంది. టైటానియం వైట్ అనే చిక్కటి తెలుపు కలిపిన రంగయితే కింద ఏముందో తెలియనివ్వదు. అందువల్ల ‘పైన ఉంది’ అన్నా ‘కనిపిస్తోంది’ అన్నా ఒకటి కాదు. కింది పొర పై పొరలోంచి కనిపిస్తూ ఉంటుంది, పై పొర ఉన్నదా లేదా అన్నట్టు ఉంటుంది. జెలటిన్ ప్రింట్లలో మనల్ని కట్టిపడేసే ఆ లోతు ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది. మూడు పల్చటి పొరలు చేసే పని ఒక చిక్కటి పొర ఎన్నటికీ చేయలేదు.

ఒక ఆకు, మూడు ప్రింట్లు

లెక్క చేతికి అందాలంటే ఆకుతో మొదలుపెట్టడమే మంచిది. ఈనెలు ఎత్తుగా ఉన్న తాజా ఆకు ఒకటి తీసుకుని, కాసేపు పుస్తకంలో పెట్టి చదును చేయండి. ప్లేటు మీద నీలం పల్చగా రోల్ చేసి, ఈనెల వైపు కిందికి ఉండేలా ఆకును పరిచి, పైన కాగితం వేసి అరచేత్తో ఒత్తి లాగండి. చుట్టూ ఉన్న నీలమంతా కాగితానికి వచ్చేస్తుంది. ఆకు ఉన్నచోట కాగితం తెల్లగా మిగులుతుంది. ఆకు ఇక్కడ రంగుకి అడ్డుపడింది, అంతే. దాని రూపురేఖ తప్ప లోపలి సంగతులేవీ ఈ కాగితం మీద లేవు.

ఇప్పుడు ఆకును నెమ్మదిగా లేపండి. ప్లేటు మీద ఆకు ఆకారంలో నీలం మిగిలి ఉంటుంది. అందులో ఈనెలు తగిలినచోట రంగు ఆకుకి అంటుకుని లేచిపోయింది, ఈనెల మధ్య మిగిలింది. జెల్ మెత్తన కాబట్టి జుట్టంత సన్నటి ఈనె కూడా అందులో దిగబడి తన గుర్తు వదిలి వెళ్ళింది. గట్టి రేకు మీద చేత్తో ఒత్తి ఇంత వివరం తీసుకురావడం చాలా కష్టం. దాని మీద రెండో కాగితం ఒత్తి లాగితే ఆకు లోపలి అల్లిక అంతా వస్తుంది. ఇదీ గోస్ట్ ప్రింటే, కానీ డెగా ప్లేటు మీద మిగిలిన వెలిసిన బొమ్మలాంటిది కాదు. ఇక్కడ మొదటి కాగితం ఎరగని సమాచారం రెండోదానికి అందింది.

అక్కడితో అయిపోలేదు. చేతిలో ఉన్న ఆకు కింది వైపు చూడండి, ఈనెలకి నీలం అంటి ఉంది. దాన్ని మూడో కాగితం మీద బోర్లించి ఒత్తితే ఈనెలు ముదురు గీతలుగా పడతాయి. రెండో కాగితంలో ఈనెలు లేతగా ఉన్నాయి, మూడోదానిలో ముదురుగా ఉన్నాయి. ఒకదాని దగ్గర లేని రంగు ఇంకొకదాని దగ్గర ఉంది. ఒక్కసారి పూసిన నీలాన్ని మూడు కాగితాలు పంచుకున్నాయి.

ఇంకొంచెం ముందుకి వెళ్దాం. రెండో కాగితం బదులు మొదటి కాగితాన్నే తిరిగి సరిగ్గా అదే స్థానంలో ఒత్తితే, ఆకు అల్లిక వెళ్ళి తన తెల్లటి ఖాళీలోనే కూర్చుంటుంది. దీనికి కాగితం ఎక్కడ పెట్టామో గుర్తు కావాలి. ప్లేటు చుట్టూ బల్ల మీద టేపుతో రెండు మూలలు గుర్తు పెట్టుకుంటే చాలు. కానీ జెల్ ఒత్తిడికి కొంచెం జరుగుతుంది, కాగితం తడికి కొంచెం సాగుతుంది. వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆకు అంచు పక్కనే సన్నటి తెల్ల గీత మిగులుతుంది. నాకు ఆ గీత ఇష్టం. కాగితం రెండుసార్లు వచ్చి వెళ్ళిందని అదే చెబుతుంది.

ఆరిన రంగు చెప్పే కథ

నూనె ప్లేటు మీద మాత్రమే బాగా కుదిరే పద్ధతి ఒకటుంది. లేజర్ ప్రింటర్ మీద తీసిన నలుపు తెలుపు ఫోటోని ప్లేటు మీదికి ఎక్కించడం. చూసినవాళ్ళు ఎక్కువగా ఇక్కడే ‘ఇదెలా వచ్చింది’ అని ఆగిపోతారు. చాలామంది ఫోటోలోని నలుపు ప్లేటుకి అంటుకుంటుందని అనుకుంటారు. జరిగేది వేరు.

ప్లేటు మీద నల్ల అక్రిలిక్ చాలా పల్చగా పూసి, ఆ ఫోటోని బోర్లించి ఒత్తి వెంటనే లాగేస్తాం. ఫోటోలో తెల్లగా ఉన్నచోట ఉత్త కాగితమే ఉంది, అది తడి రంగుని పీల్చుకుని తీసుకుపోతుంది. నల్లగా ఉన్నచోట టోనర్ ఉంది. టోనర్ అంటే కాగితానికి వేడితో కరిగి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి, అది రంగుని అంత తేలిగ్గా అంటించుకోదు. అందుకే అక్కడి రంగు ప్లేటు మీదే ఉండిపోతుంది. ఫోటోలో నలుపు ఉన్నచోట ప్లేటు మీదా నలుపే మిగిలింది కాబట్టి అదే బొమ్మ కనిపిస్తుంది, కానీ ఫోటో ఇచ్చిందేమీ లేదు. తెలుపున్నచోట రంగు తీసుకుపోయి, నలుపున్నచోట వదిలిపెట్టింది. ఇంక్‌జెట్ ప్రింటర్ కాగితంతో ఇది సరిగ్గా రాకపోవడానికి కారణం కూడా అర్థమవుతుంది. అందులో టోనర్ లేదు, సిరా కాగితంలోకి ఇంకిపోయి ఉంది, అడ్డుకునేది ఏదీ లేదు.

మిగిలిన ఆ నల్ల బొమ్మని పూర్తిగా ఆరనిచ్చి, దాని మీద లేత రంగు ఒక పొర పూసి, కాగితం పరిచి ఒత్తుతాం. అక్రిలిక్‌లో నీరు ఆరేకొద్దీ అందులోని పాలిమర్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. ఆ పొరకి నూనె ప్లేటు మీద కంటే కాగితం మీదా, తడి రంగు మీదా పట్టు ఎక్కువ. కొన్ని నిమిషాలు ఆగి లాగితే కొత్త రంగు జిగురులా పని చేసి ఆరిన బొమ్మను కూడా లేపుకొస్తుంది. కాగితం మీద చూస్తే నల్ల బొమ్మ పైన ఉంది, లేత రంగు కింద ఉంది. మళ్ళీ అదే లెక్క, ప్లేటు మీద ముందు ఉన్నది పైకి వచ్చింది.

ఒక జాగ్రత్త. వేరొకరు తీసిన ఫోటోని ఇలా వాడి ప్రదర్శనకో, అమ్మకానికో పెట్టేముందు వాళ్ళ అనుమతి సంగతి చూసుకోవాలి. పద్ధతి మనదైనంత మాత్రాన బొమ్మ మనదైపోదు.

పక్కన ఏం రాయాలి

ప్రింటు కింద పెన్సిల్‌తో ఎడమవైపు సంఖ్య, మధ్యలో పేరు, కుడివైపు సంతకం రాయడం వాడుక. మోనోటైప్‌కి 1/1 అని, అంటే ఉన్న ఒక్కటీ ఇదేనని, రాస్తారు. ఒకే అంశం తిరిగి వస్తూ ప్రతిదీ వేరుగా ఉన్న మోనోప్రింట్ల వరుసకి, ప్రతులు ఒకేలా లేవని చెప్పేందుకు ఇ.వి. (ఎడిషన్ వేరియబుల్) అనే గుర్తు పెడతారు. మరి ఆకు దగ్గర వచ్చిన మూడు కాగితాల మీద ఏం రాయాలి? మూడూ మూడు 1/1లే. ఒకే ఆకు, ఒకే నీలం అయినా ఏ ఒక్కటీ ఇంకోదానికి ప్రతి కాదు. మోనోటైప్‌ని స్కాన్ చేసి మెషీన్ మీద యాభై కాపీలు తీసి ‘మోనోటైప్’ అని అమ్మడం మాత్రం తప్పు. అది మోనోటైప్ ఫోటో.

కళాకారులు తమ జెలటిన్ ప్రింట్ల గురించి ‘ఏం జరిగిందో నాకే తెలియదు, మాయలా వచ్చేసింది’ అనడం తరచుగా వింటాను. ఆ ఆనందం నిజమైనదే. కాగితం లేపే ఆ క్షణంలో నాకూ గుండె కొట్టుకుంటుంది. కానీ చూసేవాళ్ళకి ఆ మాట ఏమీ ఇవ్వదు. పైగా ఏ ఆకు ఎప్పుడు లేపాలి, ఏ పొర దగ్గర ఆపాలి, మూడింటిలో ఏది ఉంచాలి అని చేసిన ఎంపికలన్నీ ఆ మాట వెనక దాగిపోతాయి. అందుకే నేను ప్రతి ప్రింటు వెనక వరుస రాస్తాను: పసుపు, ఆరాక నీలం, ఆకుతో, ఆకు తీసి అదే కాగితం, చివర ఎరుపు. ఎవరైనా అడిగితే అదే చదివి వినిపిస్తాను. వెంటనే కాగితాన్ని దగ్గరికి తీసుకుని ఒక్కో పొరనీ వెతకడం మొదలుపెడతారు.

వెనక రాత లేని ప్రింటుని కూడా ఇలా చదవొచ్చు. పసుపు నేల, దాని మీద నీలం, నీలంలో ఆకు ఆకారపు ఖాళీ, ఆ ఖాళీలో పసుపు. వీటన్నిటికీ అడ్డంగా ఒక ఎర్రటి గీత. ఆ ఎరుపు ఎప్పుడు పడింది? నీలంతో పాటే ప్లేటు మీద ఉందా, తర్వాత విడిగా లాగారా? రెండు సందర్భాల్లోనూ అది నీలం పైనే కనిపిస్తుంది కాబట్టి నీలాన్ని చూసి లాభం లేదు. ఆకు అంచు దగ్గర చూడాలి. గీత అక్కడ తెగి, ఆకుకి అవతల మళ్ళీ మొదలైతే, ఎరుపు ప్లేటు మీద నీలం కంటే ముందే ఉంది, ఆకు రెంటినీ కలిపి ఆపింది. గీత తెగకుండా ఉత్త పసుపు మీదుగా సాగిపోయి ఉంటే, ఆకు వెళ్ళిపోయాక ఎరుపు ఒంటరిగా వచ్చింది. గీత తెగలేదు కానీ ఆకు లోపల దాని చుట్టూ వెలిసిన నీలం, ఈనెల గుర్తులు ఉన్నాయంటే, ఆకును లేపేసి అదే కాగితాన్ని మళ్ళీ ఒత్తారన్నమాట. అప్పటికీ అనుమానం తీరకపోతే కాగితాన్ని వెలుగుకి ఏటవాలుగా తిప్పి చూడండి, ఏ పొర అంచు ఏ పొర మీద ఎక్కిందో కనిపిస్తుంది.